దండుగుట్ట మీద కేటీ

మధుసూదన్ గారికి నేనంటే గిట్టదు. ఆయనంటే నాకూ గిట్టదు. ఈ సంగతి గచ్చిబౌలిలో మా ఆఫీసు అంతస్తు మొత్తానికి తెలుసు. కొట్టుకునే రెండు కోళ్ళను ఒకే గంప కింద మూస్తే స్నేహం కుదురుతుందని నమ్మే రకం మా మేనేజర్ నితీష్. అందుకే మమ్మల్ని అడవికి తీసుకెళ్ళాలని కనిపెట్టాడు.

ముందు గొడవేమిటో చెప్పాలి. ఎక్కడో పరాయి దేశంలో మందుల లారీలు ఏ దారిన పోవాలో, ఏ ఆసుపత్రికి ముందు చేరాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి మా కంపెనీ నడుపుతుంది. దాన్ని పుట్టించినవాడు, ఇన్నేళ్ళూ సాకినవాడు మధుసూదన్ గారే. ప్రొద్దుటూరు మనిషి. తల నెరిసింది, కుర్చీ మారలేదు. ఆ ప్రోగ్రాం అప్పుడప్పుడు మొండికేసి ఆగిపోతుంది. ఆగిందంటే ఆయన వచ్చి, అందరినీ అవతలికి పొమ్మని, ఏదో చేస్తాడు. లేచి కూర్చుంటుంది. ఆ 'ఏదో' ఏమిటో ఆయనకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఆయన జీతం పైవాళ్ళకి బరువనిపించింది. నన్ను కాంట్రాక్టు మీద తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టి, కేటీ తీసుకోమన్నారు. కేటీ అంటే ఒకరి తలలో ఉన్నది ఇంకొకరి తలలోకి ఒంపే పని. అది అయ్యాక రివర్స్ కేటీ ఉంటుంది. అంటే నేర్చుకున్నవాళ్ళు లేచి నిలబడి, నేర్పినవాళ్ళకే ఆ పాఠం తిరిగి ఒప్పజెప్పాలి. నేర్పినాయన అందరి ముందూ 'అవును, ఈమెకి వచ్చు' అంటే పని పూర్తయినట్టు. ఆ ఒక్క మాట పడితే నేను పర్మనెంట్. పడకపోతే ఇంటికి. అంతకుముందు రెండు కంపెనీలు 'అవసరమైతే పిలుస్తాం' అని నన్ను పంపించేశాయి. ఏ ఒక్కటీ పిలవలేదు. మూడోసారి కూడా అదే మాట వినే ఓపిక నాకు లేదు.

ఆయన్ని మాత్రం 'ఇంకో ప్రాజెక్టులోకి మారుస్తాం' అన్నారట. ఆ మాటకు అర్థం మా ఆఫీసు సెక్యూరిటీ గార్డులక్కూడా తెలుసు. నేను కుర్చీ ఎక్కాలంటే ఆయన దిగాలి. అందుకని ఆయన నాకు కేటీ ఇచ్చే తీరు ఎలా ఉండేదంటే, నేనేం అడిగినా 'డాక్యుమెంట్‌లో ఉందమ్మాయ్' అనేవాడు. డాక్యుమెంట్ తెరిస్తే 'ప్రోగ్రాం ఆగినచో తగిన చర్య తీసుకొనవలెను' అని ఉండేది. దాన్ని రాసింది కూడా ఆయనే. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నా అరికాలి మంట నెత్తికెక్కేది.

సరే, శనివారం పొద్దున్నే అందరం టెంపో ట్రావెలర్ ఎక్కాం. శ్రీశైలం రోడ్డు విడిచి, లోపలికి మట్టి బాట పట్టి, బండి ఇక పోలేనన్నచోట దిగాం. హెచ్ఆర్ మౌనిక మెయిల్లో దీన్ని ప్రిమిటివ్ క్యాంపింగ్ అని రాసింది. అంటే కరెంటుండదు, బాత్రూముండదు, పడుకోను మంచముండదు. రిసార్టు కన్నా ఖర్చు మాత్రం ఎక్కువ. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి బండిలోనే పెట్టి తాళం వేశారు. ఎవరి సామాను వాళ్ళం మోసుకుంటూ టేకు, మద్ది చెట్ల మధ్య నుంచి గుట్ట ఎక్కాం. పైన కూలిపోయిన కోటగోడ ఒకటి, దాని కింద చదునైన జాగా, పక్కన ఎండిన వాగు. నీళ్ళు కావాలంటే ఆ వాగు ఇసుకలో చెలిమె తోడుకోవాలట. కొమ్మల మీద కొండముచ్చులు కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి.

అందరూ నాకేసి చూశారు. 'లోకల్ కదా, నీకు ఇవన్నీ అలవాటేగా' అంది మౌనిక. నాది హైదరాబాదు పక్క పల్లె మాట నిజమే. కానీ ఆ పల్లె ఇప్పుడు ఒక బస్టాపు పేరు. మా బర్రెలు మేసిన జాగాలో ఇప్పుడు అద్దాల మేడలున్నాయి, లోపలికి పోవాలంటే నన్నే ఐడీ కార్డు అడుగుతారు. నాకు అడవి ఎక్కణ్ణుంచి అలవాటవుతుంది?

కేటీ ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు జంటలుగా గుడారాలు వేసుకోవాలన్నది నితీష్ పెట్టిన మొదటి ఆట. ఒక జంటకి రెండు గుడారాలు. మధుసూదన్ గారు చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో ఉన్నాడట. ఆయన చేతులు చకచకా ఆడాయి. కడ్డీలు దూర్చి, తాళ్ళు లాగి, మేకులు ఏటవాలుగా కొట్టి, తన గుడారం నిలబెట్టుకున్నాడు. నా మేకులేమో రాతిలో దిగడం లేదు. అడిగితే, అక్కడే నిలబడి నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ 'సంచిలో కాగితం ఉంటాది, సూడు' అన్నాడు. చూశాను. అందులో బొమ్మలు తప్ప అక్షరాల్లేవు. మొదటి గాలికే నా గుడారం చతికిలబడింది. కొండముచ్చులతో పాటు ఆయన కూడా నవ్వాడు. ఆ క్షణంలో నా చేతిలో సుత్తి ఉంది, దాన్ని కింద పెట్టడానికి నేనెంత కష్టపడ్డానో నాకే తెలుసు. చివరికి క్యాంపు నడిపే మహేశ్ వచ్చి కట్టిపెట్టాడు.

సాయంత్రం మహేశ్ మమ్మల్ని గోడ వెంట తిప్పి కథ చెప్పాడు. ఈ దండుగుట్ట చుట్టూ ఒకప్పుడు పెద్ద యుద్ధం జరిగిందట. ఏ రాజు, ఏ సుల్తాను అనేది చెప్పేవాణ్ణి బట్టి మారుతుందని తనే నవ్వాడు. దండు కింద దిగి ఎన్నాళ్ళు కూర్చున్నా కోట లొంగలేదట. చివరికి మేకలు కాసే ఆవిడ ఒకామె, మేకలు ఎక్కే దొంగదారి చూపించిందట. ఆ దారిన దండు ఎక్కింది, లోపలివాళ్ళను కోసింది, చివర్న ఆవిణ్ణి కూడా గోడ మీంచి తోసేసింది. బంగారానికి ఆశపడి చూపించిందని కొందరు, బిడ్డ మెడ మీద కత్తి పెడితే చూపించిందని కొందరు అంటారట. బాట మలుపులో నడుమెత్తు రాళ్ళ కుప్ప ఉంది. దాన్ని చూపినమ్మ కుప్ప అంటారు. అటు పోయే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒక రాయి తీసి దాని మీదికి విసిరి, ఒకసారి ఉమ్మేసి పోతారట. ఇప్పటికీ.

నితీష్‌కి అది తెగ నచ్చింది. అందరూ తలో రాయి వెయ్యాలన్నాడు. మౌనిక వేసింది. చిన్నపిల్లల్లా అందరూ ఎగిరెగిరి వేశారు. కేటీలు ఇవ్వమని జనాన్ని అడవికి తోలుకొచ్చి, దారి చూపించినదాన్ని రాళ్ళతో కొట్టించిన మేనేజర్ ఈ ప్రపంచంలో ఈయనొక్కడే అయి ఉంటాడు. ఆ తిరకాసు ఆయన బుర్రకెక్కలేదు. మధుసూదన్ గారికి మాత్రం ఎక్కింది. ఆయన పెద్ద రాయి ఒకటి ఏరుకుని, నన్ను చూస్తూ, గురిపెట్టి విసిరాడు.

నేను వెయ్యలేదు. అలిగాననుకుని నితీష్ బతిమాలాడు. అలగలేదు, నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మా నాయిన వీరేశానికి ఊరి పొలాల హద్దులన్నీ నోటికి వచ్చు. మేడల కోసం సర్వే వాళ్ళు వచ్చినప్పుడు, ఏ హద్దురాయి ఏ తుప్పలో ఉందో వెంట తిరిగి చూపించాడు. అడిగారు, చూపించాడు, అంతే. భూములు పోయాక ఊరు ఊరంతా ఆయన మీద పడింది. ఆయన చూపించకపోయినా అవి పోయేవే. అయినా ఈనాటికీ ఏ పెండ్లికి పోయినా ఎవరో ఒకరు 'వీరేశం చూపించకుంటే హద్దులు దొరికేటివా' అని అంటారు. మా నాయిన ఆ మాటకి తల వంచుకుని అన్నం కలుపుకుంటాడు. చూపించినవాళ్ళ మీద రాయి వెయ్యమంటే నా చెయ్యి లేవదు.

పొద్దు గుంకుతుండగా రాళ్ళ పొయ్యిలు పెట్టి ఏ జంటకి ఆ జంట అన్నం వండుకున్నాం. మిగతా జంటలు దూరంగా పాటలు పాడుకుంటున్నారు. మా పొయ్యి దగ్గర పొగ తప్ప మాటల్లేవు. అన్నం అడుగంటింది. నేను ఆగలేక అడిగేశాను. రేపు పొద్దున రివర్స్ కేటీ పెట్టుకుని నాకు ఒక్క ముక్కా చెప్పలేదు, నేను ఏం ఒప్పజెప్పాలి అన్నాను.

ఆయన గరిటెతో మాడు గీకుతూ, తాపీగా చెప్పాడు.

"నువ్వు ఒప్పజెప్పనక్కర్లేదు. నేనే లేసి, ఈ అమ్మాయికి అన్నీ వచ్చు అంటా. అందురూ సప్పట్లు కొడతారు. సోమవారం నుంచి కుర్చీ నీది."

నాకు అర్థం కాలేదు. అంత మంచితనం ఆయన ఇంటావంటా లేదు.

"ఏంది సార్, గట్లెట్ల? నాకేం రాదు కదా."

"రాదు. అది ఆగిన్నాడు నీ చేత లేవదు. లారీలు యాడివాడ నిలబడి పోతాయి. అప్పుడు వాళ్ళే నా ఇంటికొస్తారు, నేను సెప్పిన ధరకి పనిస్తారు. నాకు తెలిసిందల్లా అదొక్కటే, అది ఇచ్చేస్తే నాకేం మిగుల్తాది?"

"మరి నా గతేంది?"

"నాకన్నీ వచ్చు అని నువ్వు అందరి ముందూ ఒప్పుకునుంటావు గదా. నీ జవాబు నువ్వు సెప్పుకోవాల."

అలా అని ఆ మాడన్నమే తిన్నాడు. నాకు ఆ మనిషి మీద పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. నా కోసం గుంట తవ్వి, పైన ఆకులు పరిచి, రా తల్లీ కూర్చో అంటున్నాడు. ఇంకా అసహ్యమేమిటంటే, కూర్చోవాలని నాకు అనిపించింది. గుడారంలో పడుకుని అదే లెక్క వేసుకున్నాను. ప్రోగ్రాం రోజూ ఆగదు కదా. ఆగేలోపు నేనే తంటాలు పడి నేర్చుకోవచ్చు. పర్మనెంట్ కాగితం ఒక్కసారి చేతికొస్తే తీసెయ్యడం అంత తేలిక కాదు. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ మా నాయిన గుర్తొచ్చేసరికి ఆ సర్దుబాటు అంతా చెడిపోయింది. ఆయన తెలిసిన దారి చూపించి మాట పడ్డాడు. నేను తెలియని దారికి మాట పడాలా? ఆసుపత్రిలో మందు అందక ఎవరైనా పోతే, ఆ చెడ్డపేరు కూడా నాదే అవుతుంది.

పొద్దున కోటగోడ నీడలో అందరినీ కూర్చోబెట్టారు. మంచు ఇంకా ఆరలేదు, కూర్చున్న రాళ్ళు ఐసుగడ్డల్లా ఉన్నాయి. ఒక్కో జంట లేచి ఒప్పజెప్పింది, చప్పట్లు పడ్డాయి. మా వంతు వచ్చింది. మధుసూదన్ గారు అన్న మాట ప్రకారం లేచి, రోహిణికి అన్నీ వచ్చు, ఇంక చెప్పడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదు అన్నాడు. నితీష్ ముఖం చింకిచేటంత అయింది. రాత్రి నిప్పు దగ్గర మేమిద్దరం కలిసిపోయామనుకున్నట్టున్నాడు. మౌనిక అప్పుడే చప్పట్లు మొదలుపెట్టింది.

"చాలా సంతోషం అండి," అన్నాడు నితీష్. "రోహిణి గారూ, పద్ధతి కాబట్టి ఒక్కటే అడుగుతాను. ప్రోగ్రాం ఆగిపోతే ఏం చేస్తారు?"

'డాక్యుమెంట్‌లో ఉన్నట్టు తగిన చర్య తీసుకుంటాను' అంటే సరిపోయేది. ఆయన అంతకు మించి అడిగేవాడు కాదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మధుసూదన్ సార్‌కు ఫోన్ చేస్త," అన్నాను. "సార్ నాకు చెప్పింది గదొక్కటే. అది ఆగితే సార్ ఇంటికి పోవాలె, ఆయన చెప్పిన ధర ఇయ్యాలె. గది తప్ప నాకేం తెల్వదు."

చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. నితీష్ నన్ను, ఆయన్ని మార్చి మార్చి చూసి, నిజమేనా అని ఆయన్ని అడిగాడు. మధుసూదన్ గారు తన రాయి మీద మళ్ళీ కూర్చుండిపోయాడు. నాకు భయం వెయ్యలేదు, హాయిగా అనిపించింది. ఆ హాయి కాసేపే.

గుడారాలు విప్పుతుండగా నితీష్ నన్ను పక్కకి పిలిచాడు. నవ్వు మొహమే, మాటలు మాత్రం గండ్రగొడ్డలి. నాకు నేర్చుకునే దృక్పథం లేదన్నాడు. సీనియర్ని నలుగురిలో అవమానించానన్నాడు. నా కాంట్రాక్టు ఇక పొడిగించడం లేదనీ, ల్యాప్‌టాప్ సోమవారం అప్పగించమనీ చెప్పాడు. మధుసూదన్ గారి సంగతి అడిగాను. ఇంకో మార్గం దొరికేదాకా ఆయన్ని కదిలించలేం కదండీ అన్నాడు. అంటే నేను నిజం చెప్పినందుకు నా ఉద్యోగం పోయింది, ఆయనది నిలబడింది. ఏడుపొచ్చింది. వాగు దగ్గరికి పోయి ఏడ్చి, చెలిమె నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చాను.

తిరుగు ప్రయాణంలో ఎవరి ఫోన్లు వాళ్ళకి ఇచ్చేశారు. నేను చివరి వరసకి ముందు వరసలో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి పక్క సీటు కిర్రుమంది. చూస్తే మధుసూదన్ గారు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు మెల్లిగా. "నోరు మూసుకునుంటే ఉజ్జోగం వచ్చుండేది."

నాకు రాని పనికి నేను జీతం తీసుకోలేనన్నాను. ఆయన్ని అంత దగ్గర నుంచి నేనెప్పుడూ చూడలేదు. కళ్ళ కింద సంచులు, చొక్కా జేబుకి పొగ మసి. మనిషి అలిసిపోయి ఉన్నాడు.

"ఇన్నేండ్లలో దాన్ని నా దగ్గర లాక్కోవాలని అడిగినోళ్ళే గానీ, దాని గురించి తెలుసుకుందామని అడిగినోళ్ళు ల్యారు," అన్నాడు. "నువ్వెట్లాగూ పోతా ఉండావు కాబట్టి నీకు సెప్తా. ఇను. అది ఎందుకు ఆగుతాదంటే, మొదట్లో ఆ దేశంలో ఒక ఆసుపత్రి ఉండేది..."

గొంతు మారిపోయింది. కన్నబిడ్డ గురించి చెప్పేటప్పుడు తండ్రికి వచ్చే గొంతు అది. నేను ఆయన వైపు తిరిగాను. నిజంగా వినాలనిపించింది. ఆ 'ఏదో' ఏమిటో తెలుసుకోవాలని అన్ని నెలలుగా నేను పడిన యాతన నాకు తెలుసు.

అప్పుడే నా ముందు సీటుకీ కిటికీకీ మధ్య సందులో నితీష్ చెయ్యి కనపడింది. చేతిలో ఫోన్. దాన్ని మా వైపుకి వంచి పట్టుకున్నాడు. తెర మీద ఎర్రచుక్క వెలుగుతోంది, దాని కింద మా మాటలకి గీతలు లేచి పడుతున్నాయి. తల మాత్రం నిద్రపోతున్నట్టు కిటికీకి ఆనించి పెట్టాడు. నితీష్ అన్న ఇంకో మార్గం ఇదన్నమాట.

మధుసూదన్ గారికి అది కనపడే వీలు లేదు. ఆయన చెప్పుకుంటూ పోతున్నాడు. ఆ ఆసుపత్రి పేరు చెప్పాడు, అది ఏ కొండ మీద ఉండేదో చెప్పాడు. ఇంకో నాలుగు మాటలు చెబితే ఆయన దగ్గర ఇక ఏమీ మిగలదు. చెప్పనివ్వచ్చు. ఆయన నాకు తవ్విన గుంటలో ఆయన్నే పడనివ్వచ్చు. చెయ్యాలనిపించింది, అబద్ధమెందుకు. ఫోన్ చూపించి సైగ చేద్దామా అంటే, నితీష్ ఒక కన్ను తెరిచే ఉంచినట్టు కిటికీ అద్దంలో కనిపిస్తోంది. అది రికార్డవుతోందని నేను పైకి అన్నానంటే, ఆ కోపానికి నా చివరి జీతమూ, అనుభవ పత్రమూ రెండూ గోవింద.

"ఆపుండ్రి సార్," అన్నాను, బండి మొత్తానికి వినపడేలా. "నీ ప్రోగ్రాం సంగతి నాకేం అవసరం ఇగ? ఇన్నొద్దులు నోరు తెరువలే, ఇప్పుడు నెత్తి తింటున్నవ్. నాకు ఇనబుద్ధి అయితలేదు. జర లేచి అవతల కూసో."

బండిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ముందు సీటు సందులోంచి ఫోన్ మెల్లగా లోపలికి పోయింది. మధుసూదన్ గారి మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. కూతురంత వయసున్న ఆడపిల్ల చేత నలుగురిలో 'నువ్వు' అనిపించుకోవడం ఆయన జన్మలో జరిగి ఉండదు.

"నీలాంటి దానికి సెప్పబోయినా సూడు, నా సెప్పుతో నేను కొట్టుకోవాల," అని లేచి, ఊగుతున్న బండిలో సీటు పట్టుకుని ముందు వరసలోకి పోయాడు. పోయి నితీష్ పక్కనే ఖాళీగా ఉన్న సీట్లో కూర్చుని, చేతులు కట్టుకుని, దవడలు బిగించుకున్నాడు. నితీష్ ఏదో పలకరించాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇంక ఆ నోరు ఎవరి కోసమూ తెరుచుకోదని నాకు నమ్మకం కుదిరింది.

ఆయన మీద జాలితో చెయ్యలేదు. అంత మంచిదాన్ని కాదు. నా ఉద్యోగం ఊడబీకినవాడికి ఆ నాలుగు మాటలు ఉత్తపుణ్యానికి దొరకడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే. అలా అనుకుంటూనే గచ్చిబౌలి దాకా వచ్చాను.

స్టేడియం దగ్గర బండి ఆగింది. బైక్ ట్యాక్సీ వాళ్ళు మూగారు. దిగుతూ ఆయన పక్కనుంచి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన కాళ్ళు పక్కకి తీసుకుని, మొహం అటు తిప్పుకున్నాడు. ఆ ఆసుపత్రి ఏమైంది సార్ అని అడగాలని నా నోట్లోకి వచ్చింది. అడగకుండా దిగిపోయాను.